ఆ డ్రమ్ము ఎత్తనన్నారు: పాత ఆయిల్ సంగతి మీతో మాట్లాడాలి

అన్నలకు, తమ్ముళ్లకు, ఈమధ్యే రేసు బండ్లతో మన షెడ్డుకు రావడం మొదలుపెట్టిన ఇద్దరు చెల్లెళ్లకు నమస్తే.

పోయిన నెలలో ఒక మంగళవారం పాత ఆయిల్ తీసుకెళ్లే లారీ వచ్చింది. మన దగ్గర నిండిన డ్రమ్ములు రెండున్నాయి. మొదటిది మాట్లాడకుండా ఎత్తారు. రెండోదాని మూత తీయగానే లారీతో వచ్చినాయన ముక్కు చిట్లించాడు. పొడుగాటి గాజు గొట్టం అడుగుదాకా దించి, పైన బొటనవేలితో మూసి బయటికి లాగాడు. పైన నల్లగా, మధ్యలో చాయ్ రంగులో, అడుగున ఆకుపచ్చ నీళ్లలా కనబడింది. తర్వాత గేటు బయటికి, డ్రమ్ముకు దూరంగా వెళ్లి, ఒక ఇనప రేకు వేడి చేయించి దాని మీద రెండు చుక్కలు వేశాడు. పోపులో తడి కరివేపాకు పడ్డట్టు చిటపటలాడింది. "సార్, ఇందులో నీళ్లున్నాయి, పెట్రోలు ఉంది, కూలెంట్ ఉంది. ఇది ఆయిల్ కాదు, రసం. మేం ఎత్తం" అన్నాడు.

రెండు వందల లీటర్ల రసం. ఇప్పటికీ షెడ్డు వెనక మూలన, తాళం వేసిన బోనులో ఉంది. మొన్న వచ్చినప్పుడు "అదేంటన్నా, డ్రమ్మును జైల్లో పెట్టావ్" అని అడిగినవాళ్లందరికీ ఇదే జవాబు.

తప్పు ముందు నాదే. రేసుకు వెళ్లొచ్చిన ప్రతి సోమవారం మీరు డబ్బాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పాత ఆయిల్ తెస్తుంటే, గేటు పక్కన గరాటు పెట్టి "పోసి వెళ్లండి" అన్నది నేనే. మీరు దాన్ని కాలవలో పోయకుండా ఇక్కడిదాకా మోసుకొస్తున్నారన్న సంతోషంలో, ఏం తెస్తున్నారో ఒక్కసారి కూడా చూడలేదు. మీరు తెచ్చినవాటిలో కార్బురేటర్ కడిగిన పెట్రోలు ఉంది, రేడియేటర్ ఖాళీ చేసిన కూలెంట్ ఉంది, బ్రేక్ ఆయిల్ ఉంది. పెట్రోలుకు బదులు మిథనాల్ అనే ఆల్కహాల్ మీద నడిచే ఒక బండి ఆయిల్ కూడా ఉంది. ఆ చాయ్ రంగు దానిదే అయ్యుండాలి. మిథనాల్ బండిలో ఇంజను సరిగా వేడెక్కకుండానే పరుగు అయిపోతుంది, ఇంధనమూ తడీ ఆయిల్లోకి దిగి పాలు కలిపినట్టు అవుతుంది. ఎవరిదో నాకు తెలుసు. అతనే ఫోన్ చేసి ఒప్పుకున్నాడు కాబట్టి పేరు చెప్పను.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఈ లారీ పద్ధతికి రాకముందు చాలా ఏళ్లు మన ఆయిల్‌ని ట్రాలీ ఆటోలో వచ్చే ఒకాయన కొనుక్కెళ్లేవాడు. నీళ్లున్నా, పెట్రోలున్నా అడిగేవాడు కాదు. నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, డ్రమ్ము దొర్లించుకుని పోయేవాడు. ఆ డబ్బుతోనే మన షెడ్డులో దసరా ఆయుధపూజ జరిగేది. గుమ్మడికాయ, పూలు, మన మెకానిక్ మేస్త్రీకీ పిల్లలకీ బట్టలు అన్నీ అందులోంచే. ఆయిల్ ఎక్కడికి పోతోందని అడిగితే "సెంట్రింగ్ వాళ్లకు, అన్నా" అనేవాడు. స్లాబు చెక్కలకు కాంక్రీటు అంటకుండా పూస్తారు కదా, అందుకు. కొంత బట్టీల్లో మండేది. కొంత వడకట్టి, రంగు తేల్చి, కొత్త డబ్బాల్లో నింపి మళ్లీ మన బండ్లలోకే వచ్చేదేమోనన్న అనుమానం నాకుండేది. అడగలేదు. అడిగితే డబ్బు ఆగిపోతుందని తెలుసు.

మన ఊళ్లలో పాత ఆయిల్ అంటే ఎవరికీ భయం లేదు, అది నిజం. మా నాన్న దూలాలకు చెదలు పట్టకుండా అదే పూసేవాడు, బండి ఇరుసుకు కందెన కూడా అదే. కానీ ఆయన వాడింది ఏడాదికి ఒక సీసా. మన లెక్క వేరు. సీజన్‌లో మన దగ్గరికి వచ్చే రేసు బండ్లు ముప్పై. ఒక్కో మీట్‌కి, అంటే ఒక్కో రేసుల పోటీకి, రెండుసార్లు ఆయిల్ మార్చినా, సగటున లీటరున్నర అనుకుంటే తొంభై లీటర్లు. అది ఒక్క మీట్‌కే. రోడ్డు మీద తిరిగే బండికి వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చే ఆయిల్‌ని మనం 402 మీటర్ల డ్రాగ్ పరుగులు (ఆగినచోటి నుంచి తిన్నగా లాగేవి) పది తీసి మార్చేస్తాం. మార్చక తప్పదు కూడా. చల్లటి ఇంజనుతో, రిచ్ మిక్స్చర్‌తో, అంటే గాలి తక్కువ పెట్రోలు ఎక్కువగా లాగుతాం, కాలని పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగి ఆయిల్‌ని పల్చన చేస్తుంది. కొత్త రింగుల పొడి, బేరింగుల పొడి అన్నీ అందులోనే.

మన షెడ్డు వెనక కాలవ ఎక్కడికి పోతుందో చాలామందికి తెలియదు. బాలానగర్ వైపు నుంచి పారి కూకట్‌పల్లి నాలాలో కలుస్తుంది, ఆ నాలా హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. ట్యాంక్‌బండ్ మీద మిర్చి బజ్జీలు తింటూ "ఏందన్నా ఈ వాసన" అనుకుంటాం కదా.

ఇక రూల్స్. నాకు లైసెన్సు పనుల్లో సాయం చేసే ఆయన కూర్చోబెట్టి చెప్పిందాన్ని నా మాటల్లో చెబుతాను. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో వాడేసిన ఆయిల్ పేరు పెట్టి ఉంది. ఆయిల్ అంటిన వేస్ట్ క్లాత్ కూడా ఉంది, అది నాకు అప్పటిదాకా తెలియదు. అలాంటివి పుట్టే చోటు పెద్ద ఫ్యాక్టరీయా, ఆరు బండ్లు పట్టే షెడ్డా అని చూడరు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. నిల్వ 90 రోజులు దాటకూడదు, మనలాంటి చిన్నవాళ్లకు మండలి ఒప్పుకుంటే 180 దాకా పొడిగించవచ్చు. డ్రమ్ము మీద లేబుల్ ఉండాలి. ఎంత వచ్చింది, ఎంత పోయింది అని పుస్తకం రాయాలి, ఏటా లెక్క పంపాలి. తీసుకెళ్లేవాడికీ శుద్ధి చేసేవాడికీ అనుమతి ఉండాలి. ట్రాలీ ఆటో ఆయనకు లేదు. అంటే నేను ఆయనకు అమ్మిన ప్రతి డ్రమ్మూ తప్పే.

దీని తర్వాత 2023 సెప్టెంబర్‌లో సవరణ వచ్చింది, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆయిల్ తయారుచేసి అమ్మే కంపెనీలే తమ అమ్మకాలకు తగ్గట్టు పాత ఆయిల్ తిరిగి శుద్ధి అయ్యేలా బాధ్యత తీసుకోవాలన్నది దాని సారం. నాకు ఇది మంచిదే అనిపించింది. ఇంతకుముందు మన షెడ్డు లాంటి చోటికి రమ్మంటే "ఐదు డ్రమ్ములుంటే చెప్పండి" అనేవాళ్లు, ఇప్పుడు రెండిటికే వస్తున్నారు. అదే 2024 ఏప్రిల్ నుంచి పర్యావరణ చట్టం కింద జరిమానా తక్కువలో తక్కువ పది వేలు, ఎక్కువలో ఎక్కువ పదిహేను లక్షలు అయింది. పదిహేను లక్షలంటే మన షెడ్డు, బండి పవర్ కొలిచే డైనో మిషను, మేస్త్రీ స్కూటరు అన్నీ కలిపి అమ్మినా సరిపోవు.

ఆయిల్ కలగాపులగం చేయొద్దని ఎందుకు గింజుకుంటున్నానంటే, పాత ఆయిల్లో ఉన్న మూల నూనె పెద్దగా పాడవదు. అందులో కలిపిన మందులు అరిగిపోతాయి, మసి, లోహం, తడి చేరతాయి. వాటిని తీసేసి, వాక్యూమ్‌లో మరిగించి పట్టుకుంటే మళ్లీ బేస్ ఆయిల్, అంటే ఆ మూల నూనె, వస్తుంది. అదే ఆయిల్లో కూలెంట్, థిన్నర్ కలిపితే విడదీయడానికి పెట్టే ఖర్చు నూనె ధర కన్నా ఎక్కువ. అందుకే లారీ ఆయన ఎత్తలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ డ్రమ్ము ఎత్తితే ఆయన లోడు మొత్తం పాడయ్యేది. ఇప్పుడు మన రసం దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాలి. డబ్బు మనకు రావడం కాదు, కిలోకింత అని మనమే కట్టాలి, బండి కిరాయి అదనం.

సీసం సంగతి ఇంకొకటి. రోడ్డు మీద దొరికే పెట్రోల్లో సీసం 2000 సంవత్సరం నుంచే లేదు. చిన్న విమానాలకు వాడే 100 ఎల్ఎల్ పెట్రోల్లో ఇంకా ఉంది. ఎక్కడినుంచో తెచ్చి వాడేవాళ్లు మనలోనూ ఇద్దరున్నారు. శుద్ధికి పంపే ఆయిల్లో సీసం 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద పాళ్లు) దాటకూడదు. మీ ఇష్టం మీది, బండి మీది. కానీ ఆ ఆయిల్ వేరే డబ్బాలో తెచ్చి, నాకు నోటితో చెప్పండి. తిట్టను.

ఆముదం వాడే టూ స్ట్రోక్ అన్నలకు కూడా ఒక మాట. ఆ పొగ వాసన నాకూ ఇష్టమే, పాలమూరు నుంచి వచ్చినవాణ్ణి, ఆముదం చేల మధ్యే పెరిగాను. కానీ మిగిలిపోయిన ప్రీమిక్స్‌ని (ముందే ఆయిల్ కలిపిన పెట్రోలును) డ్రమ్ములో పోయకండి. ఆముదం మామూలు ఇంజన్ ఆయిల్‌తో సరిగా కలవదు, పైగా అందులో పెట్రోలే ఎక్కువ.

ట్రాక్ దగ్గర మన పద్ధతి కూడా మారాలి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో గానీ, ఎయిర్‌స్ట్రిప్‌ల మీద జరిగే మీట్లలో గానీ నేను చూసింది చెబుతాను. స్టార్టింగ్ లైను దగ్గర ఒక్క చుక్క ఆయిల్ పడితే అందరం ఉరుకుతాం. పొడి చల్లి, ఊడ్చి, తుడిచి, మోకాళ్ల మీద కూర్చుని వేలితో రాసి చూస్తాం, వెనక వచ్చేవాడి ప్రాణం కదా. అదే మనిషి అరగంట తర్వాత పిట్ వెనక్కి వెళ్లి, డ్రెయిన్ బోల్టు విప్పి, లీటరున్నర గడ్డిలోకి వదిలేస్తాడు. నేనూ వదిలాను, ఒకసారి కాదు. వాన పడితే అది ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు, పైన మన్ను తోసి బూటుతో తొక్కి వచ్చేశాను.

కాబట్టి ఈ నెల నుంచి ఇలా చేద్దాం. రేసుకు వెళ్లే ప్రతి బండితో పాటు షెడ్డు నుంచి ఒక ట్రే, ఐదు లీటర్ల తెల్ల డబ్బా ఒకటి, ఎర్ర డబ్బా ఒకటి ఇస్తాను. తెల్లదాంట్లో ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ మాత్రమే. మిగతా ఏదైనా, అనుమానం ఉన్నదేదైనా ఎర్రదాంట్లో. కానీ కూలెంట్‌నీ పెట్రోల్‌నీ ఒకే ఎర్ర డబ్బాలో కలపకండి, ఇంకో డబ్బా అడగండి, ఇస్తాను. డబ్బాలకు 200 రూపాయలు డిపాజిట్, తిరిగి తెచ్చాక వాపసు. పాత ఫిల్టర్ కవర్లో కట్టి తెండి. ఇక్కడ జల్లెడ మీద బోర్లించి రాత్రంతా ఉంచుతాం, పొద్దునకు కింద గిన్నెలో ఎంత దిగుతుందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం తేకండి. పోయిన ఏడాది మేస్త్రీ మనవడు కోలా అనుకుని ఒకటి నోటిదాకా తీసుకెళ్లాడు.

గేటు పక్కన గరాటు తీసేశాను. ఇకనుంచి డబ్బా మేస్త్రీ చేతికి ఇవ్వాలి, ఆయన చూసి, వాసన పట్టి, పుస్తకంలో మీ పేరు, లీటర్లు రాసుకుంటాడు. ఆయన ముక్కుకు అబద్ధం చెప్పలేరు.

రేటు విషయం. రేసు బండి ఆయిల్ మార్పుకు లేబర్ 60 రూపాయలు పెంచుతున్నాను. ట్రాలీ ఆటో డబ్బు ఆగిపోయింది, లారీవాళ్లు ఇచ్చేది దాంట్లో సగం కూడా లేదు, బోనులో ఉన్న డ్రమ్ము ఖర్చు ఉంది. ఆ డ్రమ్ము ఖర్చు మాత్రం మీ మీద వేయను, గరాటు పెట్టింది నేను. మామూలు బండ్ల సర్వీసు రేటులో మార్పు లేదు.

ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, రోడ్డు పక్కన పంక్చర్ షాపుల వాళ్లు, లారీల వాళ్లు రోజూ నేలమీద పోస్తుంటే మన లీటరున్నర మీద ఎందుకింత?" అని. అతని మాటలో తప్పు లేదు. వాళ్లను ఆపడం నా చేతిలో లేదు. ట్రాలీ ఆటో ఆయన ఇప్పటికీ నెలకోసారి గేటు దగ్గర హారన్ కొడతాడు, ఎక్కువ ఇస్తానంటాడు. పోయినసారి ఆ బోనులో డ్రమ్మును చూసి, "దాన్ని కూడా నాకిచ్చెయ్ అన్నా, కట్టేది తప్పుతుంది" అన్నాడు. ఒక్క నిమిషం ఆలోచించాను, అది కూడా దాచను. మేస్త్రీ వెనకనుంచి దగ్గాడు.

మొదటి డ్రమ్ముకు సంబంధించిన కాగితం పోయిన శుక్రవారం వచ్చింది. రంగురంగుల కాపీలుంటాయి దానికి. పంపేటప్పుడు పసుపుది మన దగ్గర ఉంచుకుంటాం, సరుకు శుద్ధి చేసేవాళ్లకు చేరాక సంతకంతో నీలందొకటి వెనక్కి వస్తుంది. పదకొండేళ్లలో మన ఆయిల్ ఎక్కడికి చేరిందో నాకు కాగితం మీద తెలియడం ఇదే మొదటిసారి. డైనో గది తలుపు లోపలివైపు అంటించాను, వచ్చినప్పుడు చూడండి.

వచ్చే వారం చెన్నై వెళ్లేవాళ్లు గురువారం సాయంత్రం ఏడులోపు వచ్చి ట్రేలు, డబ్బాలు తీసుకోండి. తెల్లవి పన్నెండే ఉన్నాయి.