స్టడీ అవర్లలో పుస్తకం మూసి రాసే సమయం కేటాయించాలి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ గ్రూపుల్లో చేరిన పిల్లల్లో చాలామంది దసరా సెలవులకు ఇంటికి వచ్చేసరికే భౌతికశాస్త్రం పేరు చెబితే బెదిరిపోతున్నారు. ‘పొద్దస్తమానం చదువుతూనే ఉంటాడు, మార్కులు మాత్రం రావడం లేదు’ అని తల్లిదండ్రులు వాపోవడం ఏటా వింటున్నాను. జూనియర్ కళాశాలలో ఈ సబ్జెక్టు బోధించి పదవీ విరమణ చేసిన వాడిగా ఒక మాట చెప్పగలను. ఆ పిల్లల శ్రమకు ఏ లోటూ లేదు. అయితే ఆ శ్రమంతా పుస్తకాన్ని ముందు తెరిచి పెట్టుకుని అదే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవడంలోనే ఖర్చయిపోతోంది.

పదో తరగతి వరకు ఈ పద్ధతి ఎలాగో గట్టెక్కిస్తుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో సరళరేఖాత్మక గమనం పాఠానికి వచ్చేసరికి వేగాన్ని అవకలనంతో (డిఫరెన్షియేషన్, అంటే మార్పు రేటును కనుక్కునే గణితంతో) నిర్వచిస్తారు. గణితంలో అవకలనం పాఠం అప్పటికి మొదలై ఉండదు. పని, శక్తి పాఠంలో సదిశల (పరిమాణంతో పాటు దిశ కూడా ఉండే రాశుల) బిందు లబ్ధం, భ్రమణ చలనంలో వజ్ర లబ్ధం అనే గుణకార పద్ధతులు అవసరమవుతాయి. ఒకేసారి ఇన్ని కొత్త భావనలు మీద పడినప్పుడు, అర్థం కానిదాన్ని బట్టీ పట్టడం తప్ప విద్యార్థికి మరో దారి తోచదు.

పదే పదే చదవడం వల్ల పాఠం వచ్చేసిందన్న భ్రమ కలుగుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది. ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలూ చదివిన విద్యార్థులకు అయిదు నిమిషాల తర్వాత 83 శాతం గుర్తుండగా, ఒక విడత చదివి మిగిలిన మూడు విడతల్లో చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసిన వారికి 71 శాతమే గుర్తుంది. వారం గడిచాక చూస్తే మొదటి వర్గం 40 శాతానికి పడిపోయింది, రెండో వర్గం 61 శాతం వద్ద నిలిచింది. మన పిల్లలు రాసే పరీక్షలు అయిదు నిమిషాల తర్వాత రావు, నెలల తర్వాత వస్తాయి.

చూడకుండా రాయడం భౌతికశాస్త్రంలో ఎలా ఉండాలో చెప్పడం అవసరం. ప్రక్షేపకం (ఏటవాలుగా విసిరిన వస్తువు) పథం పరావలయమని (పారాబోలా అని) నిరూపించే డెరివేషన్‌ను ఒకసారి శ్రద్ధగా చదివిన విద్యార్థి పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ముందు పటం గీసి, తొలి వేగాన్ని క్షితిజ సమాంతర, క్షితిజ లంబ అంశాలుగా విడదీసి, సమీకరణాల నుంచి కాలాన్ని ఎందుకు తొలగిస్తున్నాడో తన మాటల్లో ఒక వాక్యం రాయాలి. ఎక్కడ ఆగిపోయాడో అక్కడే అతనికి పాఠం రానట్టు. అప్పుడు పుస్తకం తెరిచి ఆ ఒక్క మెట్టు మాత్రమే చూసుకోవాలి. లెక్కల విషయంలో ఇది మరీ ముఖ్యం. సాధించి ఉన్న లెక్కను గైడులో చూసి తల ఊపడం సాధన అనిపించుకోదు. వాలు తలం మీద దిమ్మె లెక్క ఇస్తే, సూత్రం కోసం వెతకడానికి ముందే ఆ దిమ్మె మీద పనిచేస్తున్న బలాలన్నిటినీ గీయడం అలవాటు కావాలి. కర్బన రసాయన చర్యలకూ, జీవశాస్త్రంలోని పటాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

రాసినదాన్ని మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి చూడకుండా రాయాలి. చాలా కళాశాలల్లో వారాంతపు పరీక్షలు ఉన్నమాట నిజమే. కానీ అవి ఆ వారం చెప్పిన పాఠానికే పరిమితమవుతున్నాయి, మార్కులూ ర్యాంకులూ నోటీసు బోర్డుకు ఎక్కగానే జవాబుపత్రం సంగతి అందరూ మరచిపోతున్నారు. పిల్లవాడి ఎదుగుదలకు పనికొచ్చేది ఆ జవాబుపత్రమే. తప్పు భావనలో జరిగిందా, గణితంలో జరిగిందా, ప్రమాణాలు మార్చడంలో జరిగిందా అన్నది ప్రతి విద్యార్థి ఒక ప్రత్యేక నోటు పుస్తకంలో రాసుకుని, అదే లెక్కను కొన్ని రోజుల తర్వాత మళ్లీ చేయాలి. తప్పు జవాబుకు మార్కు కోసే నీట్, జేఈఈ మెయిన్ వంటి పరీక్షలకు సిద్ధమయ్యే వారికి ఈ పుస్తకం ఏ మెటీరియల్ కన్నా విలువైనది.

రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులకూ, కళాశాలల యాజమాన్యాలకూ నా విన్నపం ఇది. సాయంత్రం స్టడీ అవర్లలో కనీసం ఒక గంట పుస్తకాలు మూయించి రాయించండి. ఆ గంటలో సబ్జెక్టు అధ్యాపకులు ఒకరు గదిలో ఉండి, ఆగిపోయిన పిల్లవాడి పక్కన నిలబడి ఒక మాట అందించేలా చూడండి. వారాంతపు పరీక్షలో మూడో వంతు ప్రశ్నలు పాత పాఠాల నుంచి ఇవ్వండి. దిద్దిన జవాబుపత్రాలను మర్నాడే తిరిగి ఇచ్చి, తప్పులు సరిచేసుకోవడానికి ఒక పీరియడ్ కేటాయించండి. వీటిలో దేనికీ అదనపు ఖర్చు అవసరం లేదు, ఉన్న టైంటేబుల్‌ను కొద్దిగా సర్దితే చాలు.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
ఖమ్మం