అర మార్కు పోయిన ప్రశ్న

సంపాదకుల వారికి నమస్కారం.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న యూనిట్ టెస్టులో వస్తువులు కింద ఎందుకు పడతాయన్న ప్రశ్నకి గురుత్వాకర్షణ వల్ల అని రాసి, కింద చిన్న అక్షరాలతో "భూమి ఎందుకు లాగుతుందో మాత్రం పుస్తకంలో లేదు" అని ఒక ముక్క చేర్చింది. ఆ ముక్కని ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన "అనవసరం" అని రాసి అర మార్కు కోశారు. పేపరు నా ముందు పెట్టి "తప్పు రాశానా నాన్నా?" అంది.

అది న్యూటన్‌కి కూడా వచ్చిన సందేహమే. దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగో వంతుకి తగ్గుతుందని, చంద్రుణ్ణి తిప్పేదీ చెట్టు మీది కాయని రాల్చేదీ ఒకటే బలమని 1687లో తన 'ప్రిన్సిపియా' పుస్తకంలో లెక్క కట్టి చూపించినవాడు, 1713 నాటి దాని రెండో ముద్రణలో ఆ బలానికి కారణమేమిటో కనుక్కోలేకపోయానని, ఊహలు కల్పించనని రాసుకున్నాడు. తర్వాత బుధగ్రహం దారి ఆయన లెక్కకి కొంచెం తేడాగా ఉందని తేలింది, వందేళ్లకి 43 ఆర్క్ సెకన్లు (డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక ఆర్క్ సెకను), అంతే. ఆ కాస్త తేడాకి కారణం మరో గ్రహమేమోనని వెతికారు, దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ వచ్చి, లాగడం కాదు, పదార్థం ఉన్నచోట స్థలకాలాలే వంగుతాయన్నాక గానీ లెక్క కుదరలేదు. సరే, పదార్థం ఉంటే అవి ఎందుకు వంగాలి? ఎంత వంగుతాయో ఆయన సమీకరణాలు చెప్తాయి, ఎందుకో చెప్పవు. అణువుల లోకాన్ని వివరించే క్వాంటం సిద్ధాంతంతో దీన్ని కలపడం ఈరోజుకీ ఎవరివల్లా కాలేదు.

ఇది చెప్తే "చూశారా, సైన్సుకే తెలియదు" అని ఎగిరి గంతేసేవాళ్లుంటారు. వాళ్లతో నేను ఒప్పుకోను. ఎందుకో పూర్తిగా తెలియని ఆ గురుత్వాన్నే లెక్కలో పెట్టుకుని 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23 సాయంత్రం చంద్రుడి మీద దిగింది, మా ఇంట్లో అందరం టీవీ ముందు ఊపిరి బిగబట్టి చూశాం. లెక్క నిజం, మిగిలిపోయిన ప్రశ్న కూడా నిజం, పిల్లలకి రెండూ చెప్పాలి.

పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారిని నేను అడిగేది ఒకటే. ప్రతి సైన్సు పాఠం చివర "ఇంకా తెలియనివి" అని ఒక్క పేజీ పెట్టండి. ఆ పేజీలోంచి పరీక్షలో ప్రశ్నలు ఇవ్వొద్దు, బట్టీ పట్టించొద్దు. పాఠంలో లేని ప్రశ్న వేసిన పిల్లకి మార్కు కోయొద్దని టీచర్లకీ ఒక మాట చెప్పండి. మా అమ్మాయికి నువ్వు రాసింది తప్పు కాదని నేను చెప్పాను, కానీ ఆ మాట బళ్లో టీచరు నోటి నుంచి రావాలి.

— ఒక తండ్రి, ఖమ్మం