అతిథి అధ్యాపకుల నియామకాలకూ రోస్టర్ ఉండాలి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

విద్యాశాఖ బాధ్యతలు కూడా చూస్తున్న తెలంగాణ గౌరవ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారాలు.

ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రెగ్యులర్ పోస్టు భర్తీ చేయాలంటే సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్, రోస్టర్ (వరుసలో ఎన్నో పోస్టు ఏ వర్గానికో చెప్పే రిజర్వేషన్ పట్టిక), రాత పరీక్ష, మెరిట్ జాబితా, అభ్యంతరాలకు గడువు అన్నీ ఉంటాయి. అదే గదిలో అదే పాఠాన్ని పీరియడ్ లెక్కన తాత్కాలికంగా చెప్పే అతిథి అధ్యాపకుడి విషయానికి వస్తే జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్ల వార్తతో సరి. ఫలానా సబ్జెక్టుకు దరఖాస్తులు ఆహ్వానిస్తున్నాం, పీజీలో 55 శాతం, ఎస్సీ ఎస్టీలకైతే 50 శాతం మార్కులుండాలి, రెండు మూడు రోజుల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లతో రావాలి, ఆ మర్నాడు డెమో, అంటే నమూనా పాఠం. ఏ పోస్టు ఏ వర్గానికో అందులో ఉండదు. ఎంపికయ్యాక ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో బయటికి రాదు.

తాత్కాలికమే కదా, అంత హంగామా ఎందుకని సచివాలయంలో ఎవరైనా అనవచ్చు. 2023 ఏప్రిల్ 30న వచ్చిన జీఓ 38తో 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులు రెగ్యులర్ అయ్యారు. వారిలో 2,909 మంది జూనియర్ లెక్చరర్లే. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాళ్ళకు భద్రత దొరికినందుకు మాకు సంతోషమే. కానీ తాత్కాలికంగా తెరిచిన తలుపు చివరికి ఎక్కడికి దారితీస్తుందో ఆ జీఓ చూపించింది. రోస్టర్ లేకుండా లోపలికి వచ్చినవారు రేపు క్రమబద్ధీకరణ అడిగితే కోర్టులో చిక్కు కూడా వాళ్ళకే. బహిరంగ ప్రకటన, సరైన పోటీ లేని నియామకాలకు హక్కు పుట్టదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి మొదటి గుమ్మం దగ్గరే పద్ధతి పాటించడం బయట ఉన్నవారికి ఎంత న్యాయమో, లోపల ఉన్నవారికీ అంతే రక్షణ.

ఇది కొత్త కోరికేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ సర్వీసుల్లో 45 రోజులు, అంతకు మించిన తాత్కాలిక నియామకాలకు రిజర్వేషన్ పాటించాలని 1968 నుంచి ఆదేశాలున్నాయి. 2022లో వాటిని మళ్ళీ గుర్తుచేశారు. మన అతిథి అధ్యాపకుడు ఎంత ఆలస్యంగా చేరినా ఒక సెమిస్టర్ దాటే పనిచేస్తాడు.

అసలు చిక్కు ఎక్కడంటే, నియామకం కళాశాలవారీగా, సబ్జెక్టువారీగా జరగడంలో. ఒక కాలేజీలో వృక్షశాస్త్రానికి ఒక్క అతిథి పోస్టే ఉంటుంది. విడిగా ఉన్న ఒక్క పోస్టును రిజర్వ్ చేయకూడదని 1998లో చండీగఢ్ పీజీఐ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పోనీ రోస్టర్ పెట్టామనే అనుకుందాం. మన 100 పాయింట్ల పట్టికలో 1వ పాయింట్ ఓసీ, 2 ఎస్సీ, 3 ఓసీ, 4 బీసీ-ఏ, 8 ఎస్టీ, 10 బీసీ-బీ. ప్రతి కాలేజీ ప్రతి సబ్జెక్టుకూ విడి రిజిస్టరు తెరిచి, ఏటా దాన్ని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడితే లెక్క ఎప్పుడూ 1వ పాయింట్ దగ్గరే ఆగిపోతుంది. వంద కాలేజీల్లో వంద పోస్టులు భర్తీ అయినా వందా ఓసీ పాయింట్లే. ఎవరూ దురుద్దేశంతో చేయనక్కర్లేదు, ఆ పని లెక్కే చేసిపెడుతుంది.

దేశమంతా చూసిన పాఠమే ఇది. 2018 మార్చిలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) రోస్టర్ లెక్కకు విశ్వవిద్యాలయాన్ని కాక విభాగాన్ని యూనిట్‌గా తీసుకోమనగానే 13 పాయింట్ల రోస్టర్ ముందుకొచ్చింది. అందులో ఓబీసీకి 4వ పోస్టు దాకా, ఎస్సీకి 7వ పోస్టు దాకా, ఎస్టీకి 14వ పోస్టు దాకా ఆగాలి. ముగ్గురో నలుగురో ఉండే విభాగంలో 14వ పోస్టు ఎప్పటికి వచ్చేను? ఏడాది తిరిగేసరికి కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, 2019 జూలైలో చట్టం చేసి, సంస్థ మొత్తాన్ని మళ్ళీ ఒకే యూనిట్‌ చేయాల్సి వచ్చింది.

మన డిగ్రీ కళాశాలలకు సరిపోయే యూనిట్ మల్టీజోన్, అంటే ఉద్యోగ నియామకాల కోసం రాష్ట్రంలో కొన్ని జోన్లను కలిపిన విభాగం. రెగ్యులర్ అధ్యాపకుల కేడర్ ఎలాగూ మల్టీజోన్ స్థాయిదే. మల్టీజోన్‌లో ఒక సబ్జెక్టుకు కావలసిన అతిథి పోస్టులన్నిటినీ ఒకే చోట కలపాలి. ఉదాహరణకు రసాయనశాస్త్రంలో 60 పోస్టులుంటే ఎస్సీలకు 9, ఎస్టీలకు 6, ఈడబ్ల్యూఎస్‌కు 6, బీసీలకు 29 శాతం చొప్పున 17 పోగా మరో 0.4 మిగులుతుంది. మిగిలిన ఆ ముక్క మాయం కాకూడదు, రిజిస్టరు పద్ధతి పుట్టిందే అందుకు. ఈ ఏడాది 60వ పాయింట్ దగ్గర ఆగితే వచ్చే ఏడాది 61 నుంచి మొదలుపెట్టాలి. ఎస్సీ వర్గీకరణ వచ్చాక ఇది మరీ ముఖ్యం. ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా విడదీస్తూ 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం గ్రూప్-1కు 1 శాతం, గ్రూప్-2కు 9, గ్రూప్-3కి 5. ఒక్క శాతం అంటే వంద పోస్టుల్లో ఒక్కటే. రిజిస్టరును ఏటా కొట్టేస్తే అత్యంత వెనుకబడ్డ కులాలకు దక్కాల్సిన ఆ ఒక్కటి కాగితం మీదే మిగిలిపోతుంది.

రిజిస్టరు నిర్వహణలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతుంటాయి, వాటిని ఉత్తర్వులోనే పేరుపెట్టి వారించండి. జనరల్ మెరిట్‌లో నిలిచిన ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థిని ఓసీ పాయింట్‌లోనే చూపాలి. కులం చూసి రిజర్వుడు పాయింట్‌లో వేస్తే ఆ వర్గం ఒక సీటు కోల్పోతుంది. రెండోది మహిళల లెక్క. 33⅓ శాతం సమాంతర రిజర్వేషన్ అని 2024 ఫిబ్రవరిలో జీఓ 3 చెప్పింది. అంటే ముందు ప్రతి వర్గంలోనూ మెరిట్ ప్రకారం జాబితా వేసి, అందులో ఎంతమంది మహిళలున్నారో చూసి, తక్కువైతేనే ఆ మేరకు సర్దాలి. పాత అలవాటుతో మహిళా పాయింట్లు వేరుగా గీస్తే మళ్ళీ కోర్టు మెట్లెక్కాల్సిందే.

అర్హత గల ఎస్టీ అభ్యర్థి దొరకలేదనగానే పోస్టును ఓసీకి మార్చే అలవాటు పోవాలి. అలాగని తరగతి ఖాళీగా ఉంచమనడం లేదు. పది రోజుల గడువుతో మల్టీజోన్ అంతటా రెండో ప్రకటన ఇవ్వండి. అప్పటికీ దొరక్కపోతే ఒక్క సెమిస్టర్‌కు ఇతరులతో నింపి, పాయింట్‌ను మాత్రం అదే వర్గం పేరిట ముందుకు తీసుకెళ్ళండి.

ఇక ఎంపిక. పీజీ శాతాలను పైనుంచి కిందికి పేర్చి మెరిట్ అనడం చూడ్డానికి నిష్పాక్షికంగానే ఉంటుంది. కానీ ఒకరిది సీజీపీఏ, మరొకరిది శాతం. ఒకరు పదిహేనేళ్ళ కిందట పీజీ చేశారు, మరొకరు నిరుడు. వేర్వేరు విశ్వవిద్యాలయాల మూల్యాంకనం ఒక్కలా ఉండదు, ఏళ్ళు గడిచేకొద్దీ మార్కులు వేసే చెయ్యి కూడా మారుతుంది. యూజీసీ 2018 నిబంధనల్లో కళాశాలల కోసం ఇచ్చిన 3బీ పట్టిక ఈ తేడాను తెలివిగా కుదించింది. పీజీలో 80 శాతం, ఆపైన ఉంటే 25 మార్కులు, 60 నుంచి 80 లోపు 23, 55 నుంచి 60 లోపు 20. రిజర్వుడు వర్గాలకు ఆ చివరి అంచె 50 శాతం నుంచే మొదలవుతుంది. అంటే అడుగునున్నవారికీ పైనున్నవారికీ తేడా 5 మార్కులే. పీహెచ్‌డీకి 25, జాతీయ అర్హత పరీక్ష నెట్‌ను జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్)తో సహా సాధిస్తే 10, నెట్‌ ఒక్కదానికి 8, రాష్ట్ర అర్హత పరీక్ష సెట్‌కు 5, అనుభవానికి ఏడాదికి 2 చొప్పున గరిష్ఠంగా 10. ఇదే పట్టికను వడపోత వరకు వాడితే చాలు, కొత్తది కనిపెట్టనక్కర్లేదు. అనుభవానికి 10 మార్కుల పరిమితిని మాత్రం గట్టిగా పట్టుకోండి. రోస్టర్ లేని రోజుల్లో చేరినవారి అనుభవానికి హద్దు లేకుండా మార్కులిస్తే పాత అసమానతే కొత్త జాబితాలో మెరిట్ అయి కూర్చుంటుంది. ప్రైవేటు కళాశాలల్లో పనిచేసినవారికి యాజమాన్యాలు అనుభవ పత్రం ఇవ్వకుండా తిప్పుతాయి, ఒరిజినల్ సర్టిఫికెట్లే దగ్గర పెట్టుకునేవీ ఉన్నాయి. అందుకని జీతం జమ అయిన బ్యాంకు పాస్‌బుక్, పీఎఫ్ ఖాతా వివరాలను కూడా రుజువుగా ఒప్పుకోవాలి.

డెమోలో జరిగేది ఇంకొక తీరు. ముగ్గురు కూర్చుంటారు, అభ్యర్థి నచ్చిన పాఠం చెబుతాడు, చివర్లో ముగ్గురూ మాట్లాడుకుని ఒక అంకె వేస్తారు. పెద్దాయన ముందుగా నోరు తెరిస్తే మిగతా ఇద్దరి అంకె కూడా అదే. దీనికి విరుగుడు ఖర్చు లేనిది. పాఠ్యాంశాన్ని ముందురోజు అందరికీ ఒకేసారి చెప్పండి, ప్రతి ఒక్కరికీ 15 నిమిషాలివ్వండి. విషయ పరిజ్ఞానం, వివరణలో స్పష్టత, బోర్డు వాడకం, విద్యార్థి ప్రశ్నకు జవాబు అని నాలుగు గడులున్న కాగితం మీద ఒక్కొక్కరూ విడిగా మార్కులు వేసి, సంతకం చేసి, కవరులో పెట్టాకే చర్చ మొదలవ్వాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన విద్యార్థులు ఉన్న తరగతికి ఇంగ్లీషు ఉచ్చారణ చూసి మార్కులు వేయడం దండగ. ఏ మీడియంలో బోధించాలో ప్రకటనలోనే రాసి, డెమో అందులోనే చెప్పించండి. అతిథి అధ్యాపకుల ఎంపికకు యూజీసీ 2019 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళ, దివ్యాంగ వర్గాల నుంచి ఒక ప్రతినిధి కమిటీలో ఉండాలని ఉంది. ఆ ప్రతినిధి వేరే కాలేజీ నుంచి రావాలి. ప్రిన్సిపల్ కింద పనిచేసే మనిషి ప్రిన్సిపల్ ముందు భిన్నాభిప్రాయం రాయడం మన వ్యవస్థలో జరిగే పని కాదు.

దివ్యాంగులకు 2016 చట్టం ఇచ్చిన 4 శాతం అతిథి ప్రకటనల్లో కనిపించడమే అరుదు. పోస్టులను మల్టీజోన్ స్థాయిలో కలిపితేనే ఈ 4 శాతానికి కూడా అర్థం వస్తుంది. అదీకాక డెమో గది కింది అంతస్తులో ఉండాలి. బధిర అభ్యర్థికి సంజ్ఞాభాషా అనువాదకుడు కావాలా అని దరఖాస్తులోనే అడగాలి. చూపు లేని అభ్యర్థికి బోర్డు గడిలో సున్నా వేయకుండా, ఆ గడికి బదులు డిజిటల్ పాఠ్యసామగ్రి వాడకాన్ని చూడాలి.

జీతాన్ని విడిచి సమాన అవకాశం గురించి మాట్లాడలేం. ఇటీవలి లెక్క ప్రకారం పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్లు మించకూడదు. అంటే నిండు నెలకు 28,080. దసరా, సంక్రాంతి సెలవులు, పరీక్షల రోజులు వస్తే అందులో కోతే. యూజీసీ 2019లో చెప్పింది పీరియడ్‌కు 1,500, నెలకు గరిష్ఠంగా 50,000. ఈ తక్కువ మొత్తం కూడా నెలల తరబడి బకాయి పడితే ఉద్యోగంలో నిలిచేది ఎవరు? ఇంట్లో ఇంకో సంపాదన ఉన్నవారే. తండా నుంచో గూడెం నుంచో వచ్చి అద్దె గదిలో ఉండే మొదటితరం పీజీ రెండో బకాయి నెలలోనే ఏ ప్రైవేటు కాలేజీకో వెళ్ళిపోతాడు. అప్పుడు మనం ‘ఎస్టీ అభ్యర్థులు దొరకడం లేదు’ అని ఫైలులో రాసుకుంటాం. మహిళలకు ఇంకొక దెబ్బ ఉంది. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేస్తే ప్రసూతి ప్రయోజనాల చట్టబద్ధ హక్కు వర్తిస్తుంది. రోజువారీ కార్మికులకూ ఇది వర్తిస్తుందని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పీరియడ్ లెక్కన జీతమిచ్చే చోట సెలవు మాటే రాదు, ప్రసవానికి ఆగిన అధ్యాపకురాలు మరుసటి ఏడాది కొనసాగింపు జాబితాలో ఉండదు. ఆ విరామంతో సర్వీసు తెగినట్టు లెక్కించరాదని ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఇవన్నీ ఎప్పుడు చేయాలన్నదే ఆచరణలో అసలు సమస్య. డిగ్రీ ప్రవేశాలు జరిపే ఆన్‌లైన్ వ్యవస్థ ‘దోస్త్’ విడతలు పూర్తయి సెక్షన్లు తేలేదాకా వర్క్‌లోడ్ తెలియదు, అప్పటికి తరగతులు మొదలైపోతాయి, ఆ తొందరలోనే రెండు రోజుల ప్రకటన పుడుతుంది. కాబట్టి గత ఏడాది వర్క్‌లోడ్ ఆధారంగా ఏప్రిల్‌లో పోస్టులు లెక్కగట్టి, మే మొదటి వారంలో కళాశాల విద్య కమిషనరేట్ వెబ్‌సైట్‌లో ఒకే ప్రకటన ఇవ్వండి. సబ్జెక్టు, కాలేజీ, మీడియం, అంచనా పీరియడ్లు, రోస్టర్ పాయింట్ అన్నీ అందులో ఉండాలి. దరఖాస్తుకు 15 రోజులు, ఫీజు లేకుండా, ఆన్‌లైన్‌లో. జూన్ కల్లా సబ్జెక్టువారీగా ఏడాదిపాటు చెల్లే ప్యానెల్ సిద్ధమవుతుంది. ప్రవేశాలు తేలాక ఏ కాలేజీకి ఎందరు కావాలో ప్యానెల్ నుంచి పంపడమే మిగులుతుంది, నడి ఏడాదిలో ఎవరైనా మానేసినా మళ్ళీ ప్రకటన అవసరం రాదు.

ప్యానెల్‌తో పాటు దరఖాస్తు సంఖ్యలవారీగా మార్కులు, రోస్టర్ రిజిస్టరు నకలు వెబ్‌సైట్‌లో పెట్టాలి, అభ్యంతరాలకు ఏడు రోజులివ్వాలి. అడిగితే ఇచ్చేది కాదు, సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ స్ఫూర్తి ప్రకారం అడక్కముందే పెట్టాల్సింది. ప్రతి మల్టీజోన్‌కూ రిజిస్టరు మీద సంతకం చేసే ఒక అధికారి పేరు ఉత్తర్వులోనే ఉండాలి, లేకపోతే తప్పు జరిగినప్పుడు ప్రిన్సిపల్ కమిషనరేట్‌నూ, కమిషనరేట్ ప్రిన్సిపల్‌నూ చూపిస్తాయి.

ఇప్పుడు పనిచేస్తున్న అతిథి అధ్యాపకులను రాత్రికి రాత్రి తీసేయమని మేం అడగడం లేదు. వారు పనిచేస్తున్న పోస్టులను రిజిస్టరులో వారి వారి వర్గం కింద చూపి, ఖాళీ అయిన పోస్టునుంచి, కొత్తగా మంజూరయ్యే పోస్టునుంచి రోస్టర్ మొదలుపెట్టండి. లోటు రెండు మూడేళ్ళలో సర్దుకుంటుంది. మే మొదటి వారానికి ప్రకటన వెళ్ళాలంటే ఆర్థిక శాఖ సమ్మతితో సహా ఉత్తర్వు మార్చి నెలాఖరుకు రావాలి. పీరియడ్ రేటు పెంపుపై నిర్ణయం ఆలస్యమయ్యేట్టయితే దాన్ని విడిగా ఉంచి, రోస్టర్, ఎంపిక పద్ధతుల ఉత్తర్వును ముందు విడుదల చేయండి. దానికి ఖజానా నుంచి కొత్తగా తీయాల్సింది దాదాపు ఏమీ లేదు.

ఇట్లు,
కళాశాల నియామకాలు, రోస్టర్ వ్యవహారాలు తెలిసిన కొందరు అధ్యాపకులు, విశ్రాంత ప్రిన్సిపాళ్ళు