గేటుకు తాళం వద్దు, డిస్క్ గోల్ఫ్ కోర్సులో నాలుగో టీ మార్చండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు మారతహళ్లిలో మా పేటలో ఒక ఎయిడెడ్ హైస్కూలు ఉంది. అల్టిమేట్ ఫ్రిస్బీ (ప్లాస్టిక్ డిస్క్ విసురుకుంటూ జట్లుగా ఆడే ఆట) ఆడే కుర్రాళ్లు కొందరు అప్పటి హెడ్‌మాస్టారి అనుమతి తీసుకుని, పోయిన ఏడాది ఆ ఆవరణలో ఆరు బాస్కెట్లతో చిన్న డిస్క్ గోల్ఫ్ కోర్సు వేశారు. బడి వదిలాక సాయంత్రాలు, ఆదివారం ఉదయాలు చుట్టుపక్కల పిల్లలం, పెద్దలం అక్కడ ఆడుకునేవాళ్లం. ఇప్పుడు గేటుకు తాళం పడింది. గోడ దాటిన డిస్క్ ఒకటి రోడ్డు పక్కన నిలిపిన స్కూటర్ అద్దాన్ని పగలగొట్టింది. స్కూటర్ యజమాని ఫిర్యాదు చేశారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. అద్దం ఖర్చు ఆడేవాళ్లం అందరం వేసుకుని అదే వారంలో ఇచ్చేశాం. అయినా బడి అయ్యాక లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. బాస్కెట్లు పీకేసి, ఆ స్థలంలో సిమెంటు పోసి పార్కింగ్ చేస్తారని కూడా వినిపిస్తోంది. వాచ్‌మన్‌ని అడిగితే, "నాదేముందమ్మా, పైనుంచి చెప్పినారు, తాళమేసినాను" అన్నాడు. ఈ నిర్ణయం మార్చుకోమని యాజమాన్యాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. ఇందులో కర్ర, బంతి ఉండవు. 21 సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పున్న ప్లాస్టిక్ డిస్క్ ఉంటుంది. టీ, అంటే మొదటి విసురు వేసే చోటు, దగ్గర నిలబడి బాస్కెట్ వైపు విసరాలి. డిస్క్ ఎక్కడ పడిందో అక్కడి నుంచే మళ్లీ విసరాలి. బాస్కెట్ పైభాగంలో వేలాడే గొలుసులు డిస్క్‌ను ఆపి కింది బుట్టలో పడేస్తాయి. తక్కువ విసుర్లతో ముగించినవాళ్లు గెలిచినట్టు. బాస్కెట్‌కి ఎక్కువ దూరంలో ఉన్నవాళ్ల వంతు ముందు వస్తుంది, మిగతావాళ్లు ఆగాలి. అంపైర్ ఉండడు. ఎన్నిసార్లు విసిరారో ఎవరికి వాళ్లే చెప్పాలి.

ఈ ఆట మూలాల్లోనే బడి స్థలం ఉంది. 1926లో కెనడాలోని బ్లాడ్‌వర్త్ అనే ఊళ్లో పిల్లలు తమ స్కూలు ఆవరణలో ఇసుక మీద నాలుగడుగుల వెడల్పున వలయాలు గీసుకుని, వాటిలోకి టిన్ను మూతలు విసిరి ఆడుకునేవారు. ఇప్పుడు మనం చూసే రూపం అమెరికాలో వచ్చింది. ఫ్రిస్బీ డిజైనర్ ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేశారు. అక్కడ ముందు స్తంభాలనే గురిగా పెట్టుకున్నారు. గొలుసుల బాస్కెట్ ఆయనే తరవాత తయారు చేశారు. అది వచ్చాక డిస్క్ తగిలిందా లేదా అన్న పేచీ లేకుండా పోయింది.

మా బడి బాస్కెట్లు మాత్రం పేటలోని వెల్డింగ్ షాపులోనే తయారయ్యాయి. నిలువుగా ఒక ఇనుప గొట్టం, దాని తలమీద పాత సైకిల్ రిమ్ము, రిమ్ముకు చుట్టూ హార్డ్‌వేర్ షాపులో తూకానికి కొన్న గొలుసులు, కింద ఊచలతో చేసిన బుట్ట. పచ్చిక పెంచక్కర్లేదు, నీళ్లు పెట్టక్కర్లేదు, నేల చదును చేయక్కర్లేదు. మైదానం నడుమ భాగం ఎప్పటిలాగే క్రికెట్‌కే ఉంది. కాంపౌండ్ గోడ వెంబడి కానుగ చెట్ల కింద, నిద్రగన్నేరు కింద ఎవరూ వాడని చోటులోనే కోర్సు అంతా సరిపోయింది. హోల్స్ (ఒక్కో టీ నుంచి దాని బాస్కెట్ దాకా ఉండే భాగాలు) కూడా చిన్నవి, 30 నుంచి 50 మీటర్ల లోపే.

ఆ అంచు స్థలం గురించి ఇంకొంచెం చెప్పాలి. మన బళ్ల మైదానాల్లో నడిమధ్య బ్యాటు పట్టినవాళ్లు ఉంటారు. ఆడపిల్లలు, బాగా పరిగెత్తలేని పిల్లలు, జట్టులోకి ఎవరూ పిలవని పిల్లలు గోడ పక్కన కూర్చుంటారు. ఇక్కడ ఆ గోడ పక్కనే ఆట మొదలైంది. ఏడో తరగతి అమ్మాయి ఒకతి రెండో హోల్‌లో ఆడుతుండగా చూశాను. మొదటి విసురు కానుగ మొదలుకు తగిలి వేళ్ల మధ్య పడింది. ఆ పిల్ల అక్కడే గొంతుక్కూర్చుని, రెండు మొదళ్ల సందులోంచి బాస్కెట్ ఎంత మేర కనిపిస్తోందో చూసుకుంది. లేచి నిలబడలేదు. మోకాలి ఎత్తులోనే, మణికట్టుతో విసిరింది. డిస్క్ నేలకు జానెడు ఎత్తున సందులోంచి దూసుకుపోయి బాస్కెట్ ముందు జారి ఆగింది. బలం ఉన్న అన్నలు ముగ్గురు అదే హోల్‌ను ఆమెకన్నా ఎక్కువ విసుర్లతో ముగించారు. పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బడి, ట్యూషన్, హోంవర్క్ మధ్య ఆ గంట దొరికేది సాయంత్రమే. ఆ సాయంత్రానికే ఇప్పుడు తాళం వేశారు.

భద్రత సంగతికి వస్తాను. ఫిర్యాదు దాని గురించే కాబట్టి దాటవేయకూడదు. ఈ డిస్కులు బొమ్మల షాపులో దొరికే ఫ్రిస్బీల్లాంటివి కావు, గట్టిగా ఉంటాయి, బరువుంటాయి. వీటిలో డ్రైవర్ రకానికి అంచు పలచన, వేగం ఎక్కువ, దూరం పోతాయి. పటర్ రకానికి అంచు మొద్దుగా ఉంటుంది, నెమ్మదిగా పోతుంది. ఇంత చిన్న కోర్సుకు డ్రైవర్ అవసరమే లేదు. గోడ దాటింది కూడా బయటి నుంచి వచ్చినాయన ఒకరు తెచ్చుకున్న డ్రైవరే. గేటు దగ్గరే "పటర్లు మాత్రమే" అని బోర్డు పెట్టి, డిస్కులు బడి తరఫునే ఇస్తే సగం సమస్య తీరుతుంది.

మిగతా సగం నాలుగో హోల్ అమరికలో ఉంది. ప్రస్తుతం టీ దగ్గర నిలబడితే రోడ్డు వైపు గోడ ఎడమ చేతి పక్కన వస్తుంది. కుడిచేత్తో మామూలుగా, అంటే బ్యాక్‌హ్యాండ్‌గా (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి) విసిరిన డిస్క్ వేగం తగ్గేకొద్దీ ఎడమకు వాలుతుంది. ఆడేవాళ్లలో ఎక్కువమంది కుడిచేతి వాళ్లే. కాబట్టి కాస్త ఎత్తుగా లేచిన ప్రతి డిస్కూ గోడ వైపే పోతుంది. టీని, బాస్కెట్‌ను అటుదిటు చేస్తే గోడ కుడి పక్కకు వస్తుంది, డిస్క్ మైదానం లోపలికి వాలుతుంది. ఎడమచేతి వాళ్లకు, ఫోర్‌హ్యాండ్ (చేతిని పక్క నుంచి ముందుకు తెచ్చి) విసిరేవాళ్లకు లెక్క తిరగబడుతుంది గనక, రెంటినీ గోడకు పది మీటర్లు ఎడంగా జరపాలి. ఆ మూల నర్సరీలో దొరికే ఆకుపచ్చ షేడ్ నెట్ ఎత్తుగా కట్టాలి. ఇది ఒక్క ఆదివారం పని. క్రికెట్ బంతి కిటికీ పగలగొట్టినప్పుడు మనం మైదానం మూసేయలేదు, కిటికీకి జాలీ కొట్టించాం.

చెట్ల గురించి కూడా ఒకాయన అభ్యంతరం చెప్పారు. అదీ నిజమే. ఒకేచోట పదేపదే డిస్క్ తగిలితే లేత చెట్ల బెరడు దెబ్బతింటుంది. కొత్తగా నాటిన వాటికి ట్రీగార్డ్ పెట్టాలి, టీకి ఎదురుగా ఉన్న మొదళ్లకు గోనెపట్టా చుట్టాలి. సిమెంటు పోస్తే మాత్రం ఆ చెట్ల వేళ్లకు వాన నీళ్లే అందవు.

బయటికి వెళ్లి ఆడుకోండని కొందరు అంటారు. ఎక్కడికి వెళ్లాలి? బెంగళూరులో చాలా పార్కుల్లో వాకింగ్ ట్రాక్, దాని పక్కనే ఆటలు ఆడరాదన్న బోర్డు ఉంటాయి. టర్ఫ్‌లో, అంటే అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానంలో ఆడాలంటే గంటల లెక్కన అద్దె కట్టాలి. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక గది ఇంట్లో ఉంటున్న కుటుంబాల పిల్లలకు అంత డబ్బు ఎక్కడిది? మా వీధిలో మేస్త్రీ పని చేసేవాళ్ల పిల్లలు, సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలు కలిసి ఆడిన చోటు ఇదొక్కటే. తెలుగు, కన్నడ, తమిళం కలిపి మాట్లాడుకుంటూ ఆడేవాళ్లు.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో బడికి ఆటస్థలం ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. బడి వేళలు కానప్పుడు ఖాళీగా ఉండే వసతులను చుట్టుపక్కల జనం కార్యక్రమాలకు వాడుకోవచ్చని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. ఆ విధానం మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఈ ఒక్క మాటకు అడ్డు చెప్పాల్సిన పని లేదు.

యాజమాన్యానికి వాచ్‌మన్ జీతం, బాధ్యత ఎవరిది అన్న టెన్షన్ ఉంటాయి. అందుకే మా వైపు నుంచి చేయగలిగింది చెబుతున్నాను. సాయంత్రం రెండు గంటలపాటు పేట నుంచి ఇద్దరు పెద్దలు వంతులవారీగా అక్కడే ఉంటారు. వచ్చినవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాస్తారు. చీకటి పడకముందే తాళం చెవి వాచ్‌మన్‌కి ఇచ్చేస్తారు. ఏదైనా పగిలితే ఖర్చు మేమే భరిస్తామని రాసి సంతకాలు పెట్టిస్తాం. ఏప్రిల్‌లో వేసవి సెలవులు మొదలయ్యేలోపు యాజమాన్యం, పీటీ మాస్టారు, స్కూటర్ యజమాని, మేము ఒకసారి కలిసి నాలుగో హోల్ దగ్గర నిలబడి చూద్దాం. షేడ్ నెట్, దానికి కావలసిన గొట్టాలు మేమే తెస్తాం.

— మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు, బెంగళూరు