ఘాజీ కథలో మద్రాసు వాటా

సంపాదకులకు నమస్కారం.

నౌకాదళ దినోత్సవం సందర్భంగా 1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారు శ్రద్ధగానే రాశారు. కానీ అది ఎలా మునిగిందన్న, ఈనాటికీ తేలని సంగతిని తేలిపోయినట్టు రాశారు. తేలిన సంగతి, అందులోనూ మా ఊరు మద్రాసు సంగతి, పూర్తిగా వదిలేశారు. కథ విశాఖలో మొదలై విశాఖలోనే అయిపోయింది.

ఘాజీ ముందుగా వెతికింది మద్రాసు దగ్గర. 1971 నవంబరు 14న కరాచీలో బయల్దేరి, సిలోన్ చుట్టి వచ్చి, 23న మన తీరానికి ఎదురుగా విక్రాంత్ కోసం గాలించడం మొదలుపెట్టింది. బంగాళాఖాతం దాకా రాగలిగిన జలాంతర్గామి పాకిస్తాన్ దగ్గర అదొక్కటే. మనకూ అప్పట్లో ఉన్న విమాన వాహక నౌక విక్రాంత్ ఒక్కటే. దానికి బాయిలర్‌లో పగుళ్లు వచ్చి పూర్తి వేగంతో పోలేని పరిస్థితి. ఘాజీ వచ్చేసరికే అది మద్రాసు వదిలి పది రోజులైంది. అండమాన్లలో పోర్ట్ కార్న్‌వాలిస్ అనే మారుమూల రేవులో దాన్ని దాచారు. ఆ చోటికి పెట్టుకున్న రహస్యపు పేరు ఎక్స్‌రే.

దాచడం ఒక ఎత్తు, ఇక్కడే ఉందని నమ్మించడం ఇంకో ఎత్తు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ యుద్ధనౌకను విశాఖకు 160 మైళ్ల దూరం పంపి, విక్రాంతే మాట్లాడుతోందన్నట్టు వైర్‌లెస్ సందేశాలు దండిగా పంపించారు. అందులో ఒకటి, తల్లికి సీరియస్‌గా ఉందట, ఎలా ఉందో కనుక్కోండని ఒక నావికుడు అడిగినట్టుగా, కోడ్ లేకుండా మామూలు భాషలో వెళ్లింది. ఈ ముక్క నాకు భలే నచ్చుతుంది. తల్లి జబ్బంటే ఎంత క్రమశిక్షణ ఉన్న కుర్రాడైనా రూలు తప్పుతాడని వినేవాడు నమ్మాలి కదా!

మద్రాసు సంగతి కూడా కృష్ణన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఇక్కడి నౌకాదళ అధికారికి మామూలు టెలిఫోన్‌లో, విక్రాంత్ వస్తోంది, హార్బర్లో బెర్తు కావాలి, సరుకుల కాంట్రాక్టర్లకు చెప్పి ఉంచండి అన్నారు. యుద్ధం ముంచుకొస్తుంటే ఇవన్నీ ఫోన్లో మాట్లాడతారా, ఈయనకు మతిపోయిందా అనుకున్నారట ఆ అధికారి. విశాఖలోనూ మాంసం, కూరగాయలు అవసరానికి మించి ఆర్డరిచ్చారు. కాంట్రాక్టరు చెవిన పడితే బజారుకెక్కుతుంది, బజారులో వేగులవాళ్లు ఉండనే ఉంటారు. అదీ లెక్క.

ఆ రోజుల్లో నేను మద్రాసు కూరగాయల టోకు బజారు కొత్వాల్ చావడిలో మా మేనమామ మండీలో చిట్టా రాసేవాణ్ని. ఓడలకు సరుకు వేసే కాంట్రాక్టర్లు మా దగ్గరా ఎత్తేవారు. కొత్వాల్ చావడి చూసినవారికి చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున ఉర్లగడ్డ మూటల మధ్య ఎవరో అన్న మాట బాగా తెల్లారేసరికి ప్యారీస్ కార్నర్ దాటిపోయేది. ఆ నవంబరు చివర్లో "పెద్ద ఓడ వస్తోందంట, సరుకు చూసి పెట్టండి" అనే మాట నేనూ విన్నాను. ఓడ రాలేదు. అసలే వానాకాలం, ఎర్రగడ్డలు ఆగవు. మామ ఆ కాంట్రాక్టరును కడుపారా తిట్టుకుని, ఉన్న సరుకంతా అయినకాడికి హోటళ్లకు తోసేశాడు. కృష్ణన్ రాసింది నేను చదివే నాటికి మామ లేడు. ఉండి ఉంటే, దేశసేవ సరే, నష్టం ఎవరిస్తారని అడిగేవాడు.

ఇక ఘాజీ మునిగిన తీరు. రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌లు, అంటే నీళ్ల లోతుకు దిగి పేలే బాంబులు, వేసి ముంచిందని మీ వ్యాసం ఒక్క వాక్యంలో ముగించింది. మన అధికారిక కథనం అదే. డిసెంబరు 3 అర్ధరాత్రికి కాస్త ముందు హార్బర్ నుంచి బయల్దేరిన రాజ్‌పుత్, నీళ్లలో ఏదో కదలిక చూసి రెండు డెప్త్ చార్జ్‌లు వేసింది. తర్వాత విశాఖ ఇళ్ల కిటికీలు అదిరేంత పేలుడు. పాకిస్తాన్ మాత్రం తమ జలాంతర్గామి తను సముద్రంలో వేస్తున్న మైన్ల (మందుపాతరల) వల్లే పేలిందంటుంది. బ్యాటరీలు చార్జ్ చేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ అంటుకుందన్నది మూడో మాట. 90 మందికి పైగా పోయారు, సాక్ష్యం చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు.

తేదీ దగ్గరా పేచీ ఉంది. అప్పట్లో కలకత్తాలో సైన్యం తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జనరల్ జాకబ్ రాసినదాని ప్రకారం, జాలర్లకు జలాంతర్గామి శకలాలు దొరికాయని కృష్ణన్ ఫోన్ చేసింది డిసెంబరు 3 ఉదయం. అంటే రాజ్‌పుత్ బయల్దేరకముందే! మర్నాడు మళ్లీ ఫోన్ చేసి, నిన్న మాట్లాడుకున్నది మరిచిపొమ్మన్నారట. పెద్ద హోదాలో ఉన్నవారి మాటలే ఇలా పొసగకపోతే, నౌకాదళం కాగితాలు చూసి తేల్చుకోవాలి. ఆ కాగితాలు ఎప్పుడో నాశనం చేశారని 2010లో పత్రికల్లోనే వచ్చింది. నన్నడిగితే లోపలి పేలుడు వైపే మొగ్గుతాను. అంతమాత్రాన రాజ్‌పుత్ కెప్టెన్ ఇందర్ సింగ్‌ను తక్కువ చేసినట్టు కాదు. ఆ చీకట్లో ఆయన చేయవలసిందే చేశారు. ఘాజీని విశాఖ గుమ్మం దాకా రప్పించింది కృష్ణన్ వేసిన ఎరే అన్నదాంట్లో నాకే అనుమానమూ లేదు. డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేయగలిగాయంటే ఆ ఎర పనిచేసినట్టే.

ఇంకో మాట. వ్యాసంతో మీరు వేసిన ఫోటో ఘాజీది కాదు, విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసురాది. అది మన జలాంతర్గామి. దయచేసి సవరణ వేయండి.

ఆ రోజుల్లో ఇక్కడి హార్బర్లో బెర్తుల పని చూసినవారు ఇద్దరు రాయపురంలో ఉన్నారు. మీ విలేకరిని పంపితే నేనే వెంటబెట్టుకుని వెళ్తాను. ఉదయం పూట వస్తే మంచిది, మధ్యాహ్నం దాటితే ఇద్దరూ పడుకుంటారు.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
పెరంబూరు, చెన్నై