మంత్రి గారూ, బోర్‌మన్ చిత్రాలను పింగాణీ కప్పుల పక్కన పెట్టించండి

బ్రిటన్ సంస్కృతి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇదే లేఖ ఇంగ్లీషులో మీ ఆఫీసుకు పంపుతున్నాను. ఇక్కడ ఉంటున్న మనవాళ్లు కూడా చదివి ఓ మాట సాయం చేస్తారని తెలుగులోనూ పెడుతున్నా.

విషయం జకారియా బోర్‌మన్ గురించి. 1738లో పుట్టి 1810లో పోయిన పింగాణీ చిత్రకారుడు. లండన్‌లోని చెల్సీ పింగాణీ ఫ్యాక్టరీలో పనిచేసి, 1783లో డెర్బీ పింగాణీ ఫ్యాక్టరీకి వచ్చి, 1794 దాకా కప్పుల మీదా ప్లేట్ల మీదా డెర్బీషైర్ కొండలూ నదులూ వేశాడు. ఇలాంటి దృశ్యం ఉన్న అప్పటి డెర్బీ కప్పు ఏదైనా తిరగేసి చూడండి, చాలావాటికి అడుగున ఆ దృశ్యం ఎక్కడిదో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అదే ఫ్యాక్టరీలో గులాబీలు వేసిన బిల్లింగ్స్‌లీకి ఉన్నంత పేరు ఈయనకు లేదు, నాకైతే అది అన్యాయమే అనిపిస్తుంది.

ఈయన కాగితం మీద వేసిన నీటిరంగుల ప్రకృతి దృశ్యాలు డెర్బీ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. జనం అక్కడికి ఎక్కువగా డెర్బీ చిత్రకారుడు జోసెఫ్ రైట్ ఆయిల్ పెయింటింగుల కోసం వెళ్తారు, వాటి స్థాయి అలాంటిది, కాదనను. కానీ బోర్‌మన్ కాగితాన్నీ కప్పునూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసే సంగతి వేరు. పింగాణీ రంగులు లోహాల ఆక్సైడ్లతో చేసినవి, బట్టీలో కాలాక గానీ అసలు రంగు తేలదు, పూసినప్పుడు మట్టిలా కనిపించే బంగారం కూడా కాల్చి మెరుగు పెట్టాకే మెరుస్తుంది. అంటే రేపు ఎలా వస్తుందో ఊహించుకుంటూ ఇవాళ వేయాలి! కాగితం మీద ఆ టెన్షన్ లేదు, పల్చగా ఒక పూత వేసి ఆకాశం వదిలేయొచ్చు.

ఎక్కువ వెలుతురు తగిలితే నీటిరంగులు వెలిసిపోతాయి. మ్యూజియంలో వెలుతురును 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు, ఏడాది పొడుగునా గోడకు వేలాడదీయరు. అది సరైన పద్ధతే. అందుకే అడుగుతున్నా: మూడు నెలలకోసారి మారుస్తూ ఒకటి రెండు బొమ్మలు, వాటి పక్కన ఆయన వేసిన కప్పో ప్లేటో పెట్టేందుకు, అన్నింటినీ మంచి రిజల్యూషన్‌లో స్కాన్ చేసి ఉచితంగా అందరికీ ఇచ్చేందుకు కొంత డబ్బు కేటాయించండి. స్థానిక కౌన్సిళ్ల బడ్జెట్ బిగుసుకుంటే ముందుగా కోత పడేది ఇలాంటి పనులకే, మీకు తెలియనిది కాదు. డెర్బీలో కుదిరితే పింగాణీకి పేరున్న వూస్టర్, స్టోక్ ఊళ్లలోనూ అదే పద్ధతి పెట్టొచ్చు.

జవాబు ఇంగ్లీషులోనే ఇవ్వండి, తెలుగు చేసి ఇక్కడ పెట్టే పూచీ నాది.

ఇట్లు,
డెర్బీలో ఉంటున్న ఒక తెలుగువాడు