మార్కెట్ పడిన రోజున పెరిగిన షేర్ల గురించీ రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఒడిశాలోని రాయగడ బజారులో చింతపండు, జీడిపిక్కల వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. పార్వతీపురం మీదుగా మీ పత్రిక పొద్దున్నే మాకు అందుతుంది. మా దుకాణంలో అందరూ ముందు తిప్పేది బిజినెస్ పేజీయే. మార్కెట్ పడిన మర్నాడు మాత్రం ఆ పేజీ చూస్తే బాధ కలుగుతోంది. మదుపర్ల సంపద ఆవిరైపోయిందని పెద్ద శీర్షిక, దాని కింద బాగా నష్టపోయిన షేర్ల పట్టిక. అదే రోజున ఎదురీది పెరిగినవి ఏవి, ఎందుకు పెరిగాయి అన్నది ఒక్క ముక్క ఉండదు. నాలాంటి చిన్న మదుపరికి ఆ రోజు కావలసింది అదే.

2022 సంగతి చూడండి. జనవరి మధ్యలో 18,300 దగ్గరున్న నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) జూన్ 17 నాటికి 15,300 దిగువకు వచ్చేసింది. ఉక్రెయిన్ యుద్ధం, ముడిచమురు, వడ్డీ రేట్లు, విదేశీ సంస్థల అమ్మకాలు, ఇవన్నీ మీరు వివరంగానే రాశారు. ఆ నెలల్లోనే ఐటీసీ 220, 230 రూపాయల మధ్య నుంచి 260 దాకా వెళ్లింది. మా ఊరి పక్కనే మిల్లు ఉన్న జేకే పేపర్ కూడా బాగా పెరిగింది. కరోనా తగ్గి బడులు, ఆఫీసులు మళ్లీ తెరిచాక నోటు పుస్తకాలకీ జెరాక్స్ కాగితానికీ గిరాకీ వచ్చింది. ఆ ఏడాది పత్రికలు అచ్చేసే న్యూస్‌ప్రింట్ కాగితం ధర ఎలా మండిపోయిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మిల్లు లారీలు రోజూ మా కళ్ల ముందే తిరుగుతున్నా, ఆ షేరు నిఫ్టీకి ఎదురు నడుస్తోందని ఇక్కడ చాలామంది గమనించనే లేదు.

ఇది తెలుసుకోవడానికి నేను చేసే లెక్క చిన్నదే. శుక్రవారం సాయంత్రం షేరు ముగింపు ధరని నిఫ్టీ ముగింపుతో భాగించి, వెయ్యితో గుణించి, చిట్టా పుస్తకంలో రాసుకుంటాను. ఐటీసీకి ఆ జనవరిలో 12 పైచిలుకు వచ్చిన అంకె జూన్ నాటికి 17 అయింది. షేరు కదలకుండా నిలబడి నిఫ్టీ ఒక్కటే పడినా ఈ అంకె పెరుగుతుంది, అదీ బలమే. సంతలో సరుకంతా దిగిపోయిన రోజున గింజ తీసిన చింతపండు మాత్రం పాత ధరకే పోతోందంటే, దాన్ని వెతుక్కుంటూ వచ్చే కొనుగోలుదారు ఉన్నాడని అర్థం. షేర్లలోనూ అంతే. జనం డబ్బు పోగుచేసి మదుపు చేసే పెద్ద ఫండ్లు భయం మధ్యలో కూడా వేటిని వదలడం లేదో ఆ అంకెల్లో కొంత తెలుస్తుంది.

అలాగని పడే మార్కెట్లో పెరిగే ప్రతిదీ మంచిది కాదు. 2024 సెప్టెంబరులో 26,277ని తాకిన నిఫ్టీ, మరుసటి మార్చిలో 22,000 దిగువను కూడా చూసింది. ఆ రోజుల్లోనే ఏ షేరు కొనాలో చెప్పే ఒక టిప్స్ గ్రూపు మా బజారు కుర్రాళ్ల ఫోన్లలోకి వచ్చి చేరింది. రోజూ అప్పర్ సర్క్యూట్ (ఆ రోజుకి పెరగనిచ్చే గరిష్ఠ హద్దు) కొడుతున్న ఒక చిన్న కంపెనీ షేరు చూపించి, మార్కెట్ పడుతున్నా ఇది ఆగడం లేదన్నారు. కుర్రాళ్లు కొన్నాక రోజూ పడనిచ్చే హద్దు దాకా పడే లోయర్ సర్క్యూట్లు మొదలయ్యాయి. అమ్ముదామంటే కొనేవాడే లేడు. ఒకబ్బాయి చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బు అందులో ఇరుక్కుంది. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో కూడా అతనికి తెలియదు. పత్రిక చెప్పని చోట గ్రూపులు చెబుతాయి, నా ఆవేదన అదే.

షేర్ల నగదు విభాగంలో ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మేసే వ్యాపారం, చేసే పదిమందిలో ఏడుగురు నష్టపోతున్నారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జూలైలో చెప్పింది. బలమైన షేరు దొరికినా కొంచెమే కొనాలి, ఇంతకు పడితే అమ్మేయాలనే హద్దు (స్టాప్‌లాస్) ముందే పెట్టుకోవాలి. 2020 మార్చి 23న ముప్పై పెద్ద కంపెనీల సూచీ సెన్సెక్స్ 13 శాతం పడినప్పుడు మంచి షేర్లు కూడా నిలబడలేకపోయాయి. తరవాత ఏప్రిల్లో ముందుగా లేచిన వాటిలో ఫార్మా (మందుల కంపెనీల) షేర్లున్నాయి. ఏడాది లోపు అమ్మిన లాభంపై ఇప్పుడు 20 శాతం పన్ను పడుతుంది, దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

మీకు నా మనవి ఇది. నిఫ్టీ ఒక శాతానికి మించి పడిన ప్రతిసారీ, 52 వారాల కనిష్ఠాల పక్కనే గరిష్ఠాలు తాకిన షేర్ల పట్టిక వేయండి. ఏ రంగానిదో, ఆ రోజు చేతులు మారిన వాటిలో అదే రోజు తిరిగి అమ్మకుండా ఉంచుకున్నవి (డెలివరీ) ఎంత శాతమో, ధర అసహజంగా కదిలే షేర్లపై స్టాక్ ఎక్స్ఛేంజీ పెట్టే ప్రత్యేక నిఘాలో ఉందో లేదో ఒక్కో గడిలో చెప్పండి. ఇక్కడ మా పిల్లలు ఒడియాలో, ఇంగ్లీషులో చదువుకుంటున్నారు. షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా ఉన్న పెద్దవాళ్లలో చాలామంది తెలుగు తప్ప చదవలేరు. ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఇవన్నీ ఉన్నా, వెతికి తీసుకోవడం వాళ్లవల్ల కాదు. చోటు చాలకపోతే ఆ రోజుకి శీర్షిక అక్షరాలు కాస్త తగ్గించండి.

ఇట్లు,
ఒక చిల్లర మదుపరి,
రాయగడ, ఒడిశా